నేపాల్ మిషన్ ట్రిప్‌లో పరిచయం లేనివారికి భోజనం పెట్టడం ఎలా? మన సంఘాల కోసం సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం, విజయనగరం వైపు క్రైస్తవ సంఘాల నుంచి నేపాల్ వెళ్ళే టీమ్‌ల వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే. "అన్నా, వందమందికి వండాలంటే ఎన్ని కిలోలు పొయ్యాలి?" ఆ లెక్క అయిదో అంచెలో ఉంది. కానీ దయచేసి నేరుగా అక్కడికి వెళ్ళకండి. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు కిలోల లెక్క సరిగ్గానే కుదిరింది, మిగతావన్నీ తప్పాయి.

నేను మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ వంట దగ్గరే ఉన్నాను. మన ఇంట్లో అతిథికి ఎలా పెడతామో, ముక్కూమొహం తెలియనివాళ్ళకీ అలాగే పెట్టాలన్నది నా నమ్మకం. కింద రాసిన ప్రతి అంచే దాని నుంచి వచ్చిందే.

1. పిలుపు లేకుండా బయల్దేరకండి

మనం వెళ్ళి వండిపెట్టేస్తాం అనుకుంటే పని చెడుతుంది. అక్కడి సంఘం పిలవాలి. ఎవరికి పెట్టాలో, ఎక్కడ పెట్టాలో వాళ్ళే చెప్పాలి. ఆసుపత్రి బయట రోగుల బంధువులా, ఇటుక బట్టీల కూలీలా, బస్టాండులో పడుకునేవాళ్ళా అన్నది వాళ్ళకి తెలిసినంత మనకి తెలియదు. మనం నాలుగు రోజులుండి వచ్చేస్తాం, వాళ్ళు ఆ ఊళ్ళోనే బతకాలి.

ఇంకో విషయం. నేపాల్‌లో శనివారం సెలవు, అక్కడి సంఘాలు ఆరాధనకి చేరేది కూడా ఎక్కువగా శనివారమే. ఆదివారం ఆరాధన, శనివారం భోజనాలు అని మన లెక్కలో ప్లాన్ వేసుకుంటే సాయానికి ఒక్కరూ దొరకరు.

ఫోన్లో మనం "వందనాలండి" అన్నట్టు వాళ్ళు "జయమసీ" అంటారు. అదే మాటతో మొదలుపెట్టి ఈ ఆరు విషయాలు అడిగి రాసుకోండి.

- ఎవరికి పెట్టాలి, దాదాపు ఎంతమంది?
- వాళ్ళు రోజూ ఏ వేళకి తింటారు?
- వంట ఎక్కడ, పొయ్యి గ్యాసా కట్టెలా, పెద్ద గిన్నెలు ఎన్ని ఉన్నాయి?
- తాగునీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?
- వార్డు ఆఫీసుకి, స్థలం యజమానికి ఎవరు చెబుతారు?
- మీ సంఘం నుంచి ఎంతమంది మాతో నిలబడతారు?

ఆరో ప్రశ్నకి "ఎవరూ లేరు" అని జవాబొస్తే ట్రిప్ వాయిదా వేసుకోండి. టీమ్‌లో కనీసం సగంమంది అక్కడివాళ్ళు ఉండాలి. ఎదురుగా కూర్చున్నవాళ్ళ భాష తెలిసిన మనిషి వడ్డిస్తేనే వాళ్ళు నోరు తెరిచి "ఇంకొంచెం" అని అడుగుతారు.

2. అన్నానికి షరతు కట్టకండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి నిదానంగా చెబుతాను.

నేపాల్ 2015 రాజ్యాంగంలోని 26వ అధికరణం ఒకరి మతాన్ని మరొకరు మార్పించడాన్ని నిషేధిస్తుంది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న క్రిమినల్ కోడ్‌లో 158వ సెక్షన్ ప్రకారం దానికి అయిదేళ్ళ వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపేస్తారు. మన మాట ఎలా ఉన్నా, "అన్నం పెట్టి మతం మారుస్తున్నారు" అని ఒకరు ఫిర్యాదు చేస్తే మనకన్నా ముందు ఇబ్బందిపడేది అక్కడి పాస్టరుగారు.

చట్టం లేకపోయినా నేను ఇదే చెబుతాను. ఆకలిగా కూర్చున్న మనిషి ముందు విస్తరి వేసి, అరగంట ప్రసంగం అయ్యాక వడ్డించడం మర్యాద కాదు. మన ఇంటికొచ్చిన చుట్టానికి అలా చేస్తామా? మత్తయి 25వ అధ్యాయంలో ఆకలిగొన్నవారికి పెట్టినవాళ్ళు తాము ఎవరికి పెట్టామో కూడా ఎరగరు. పెట్టే చెయ్యి అలా ఉండాలి.

టీమ్ అంతా ఒప్పుకుని సంతకం పెట్టాల్సిన నియమాలు ఇవి.

- ప్రార్థన వంటగదిలో, మనలో మనం చేసుకుంటాం. బంతిలో అందరి చేతా చేయించం.
- భోజనం దగ్గర కరపత్రాలు, కొత్త నిబంధన పుస్తకాలు పంచం.
- పేరు, కులం, మతం అడిగి రాసుకోం.
- "మీరెవరు, ఎందుకు పెడుతున్నారు?" అని వాళ్ళే అడిగితే ఉన్నది ఉన్నట్టు రెండు మాటల్లో చెబుతాం. అంతకుమించిన సంభాషణ అక్కడి పాస్టరుగారికి వదిలేస్తాం.
- తింటున్నవాళ్ళ ఫోటోలు తియ్యం.

ఫోటోల నియమం దగ్గర మన కుర్రాళ్ళు గొణుగుతారు. కానుకలు ఇచ్చిన సంఘానికి చూపించాలిగా అంటారు. మా మొదటి ట్రిప్‌లో ఒక ముసలామె ఫోన్ చూడగానే కొంగు మొహం మీదికి లాక్కుని సగం భోజనంలో లేచి వెళ్ళిపోయింది. ఆమె వెనకాల పరుగెత్తినా ప్రయోజనం లేకపోయింది. అప్పటినుంచి మేము గుండిగలకి, కూరగాయల గుట్టకి, కడిగి బోర్లించిన గిన్నెలకి మాత్రమే ఫోటోలు తీస్తున్నాం. ఇంటి దగ్గర సంఘానికి అవి సరిపోతున్నాయి.

3. సీజను, దారి, కాగితాలు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, కొండదారుల్లో చరియలు విరిగిపడతాయి. దసైఁ, తిహార్ పండగల రోజుల్లో ఊళ్ళన్నీ సొంత ఊళ్ళకి కదులుతాయి, బస్సులు దొరకవు. డిసెంబరు చివర, జనవరిలో తరాయి మైదానాల్లో పొగమంచుకి రైళ్ళు గంటల తరబడి ఆలస్యం. నవంబరు రెండో సగం గానీ, ఫిబ్రవరి, మార్చి గానీ మంచివి.

దారి సులువే. శ్రీకాకుళం రోడ్డు (ఆమదాలవలస) లేదా విజయనగరంలో హౌరా వైపు రైలెక్కి, హౌరాలో మిథిలా ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే రక్సౌల్. అక్కడ సరిహద్దు దాటితే బీర్‌గంజ్. మొదటి రైలు షాలిమార్‌లో ఆగేదైతే అక్కడినుంచి హౌరా స్టేషన్‌కి వెళ్ళాలి కాబట్టి రెండు రైళ్ళ మధ్య అయిదారు గంటల ఎడం ఉంచుకోండి.

- పెద్దవాళ్ళకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ అసలుది. ఆధార్ ఒక్కటే నమ్ముకుని రావద్దు.
- పాస్‌పోర్టు సైజు ఫోటోలు నాలుగు (అక్కడ సిమ్ తీసుకోడానికి).
- మన నోట్లలో 100, అంతకన్నా చిన్నవి. మన 100 రూపాయలు అక్కడి 160. సరిహద్దు బజారులో ధర చెప్పగానే "ఐసీనా, ఎన్‌సీనా?" అని అడగండి. ఐసీ అంటే మన రూపాయి, ఎన్‌సీ అంటే వాళ్ళది. అడక్కపోతే బియ్యం బస్తా దగ్గరే గొడవ మొదలవుతుంది.
- గడియారం 15 నిమిషాలు ముందుకి తిప్పుకోవాలి.
- అత్యవసర నంబర్లు: పోలీసు 100, అంబులెన్సు 102, అగ్నిమాపకం 101.

సంఘం ట్రస్టుగా రిజిస్టరై ఉంటే, ట్రస్టు డబ్బు విదేశంలో ఖర్చు పెట్టే ముందు ఆడిటర్‌ని అడగండి. పన్ను మినహాయింపు దగ్గర చిక్కు వస్తుంది. మేమైతే టీమ్‌లో ఎవరి వాటా వాళ్ళు సొంతంగా వేసుకుని వెళ్తాం.

4. ఇంటి దగ్గర రెండుసార్లు వండి చూడండి

మన ప్రేమవిందుల్లో వందలమందికి వండిన అక్కలు ఉన్నారు కదా, రిహార్సల్ ఎందుకు అంటారు. ప్రేమవిందులో తినేది మనవాళ్ళు. ఉప్పు తగ్గితే అడిగి వేయించుకుంటారు, ఆలస్యమైతే పాటలు పాడుకుంటారు. పరిచయం లేని మనిషి ఏదీ అడగడు. నచ్చకపోతే వదిలేసి లేస్తాడు.

మొదటిసారి ఆదివారం ఆరాధన తర్వాత 50 మందికి, నేపాలీ మెనూతోనే, అంటే అన్నం, పప్పు, కూర, ఆకుకూర, టమాటా పచ్చడితో చెయ్యండి. రెండోసారి సంఘం బయట, పెద్దాసుపత్రి దగ్గర రోగుల బంధువులకో, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర కూలీలకో అనుమతి తీసుకుని 100 మందికి. రెండుసార్లూ ఇవి రాసుకోండి.

- పొయ్యి వెలిగించిన వేళ, మొదటి విస్తరి వేసిన వేళ.
- విస్తళ్ళలో ఏది మిగిలింది? అన్నమా, కూరా?
- ఏ గుండిగ ముందు అడుగంటింది?
- ఒక్క బంతి లేవడానికి ఎన్ని నిమిషాలు పట్టింది?

పనుల పంపకం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాళ్ళకి రోజువారీ వడ్డనలో తేడా వచ్చిందని సణుగు పుట్టినప్పుడు ఏడుగురిని ప్రత్యేకంగా ఆ పనికి నియమించారు. "అందరం కలిసి చూసుకుందాం" అనలేదు. పన్నెండుమంది టీమ్‌కి మా పంపకం ఇది.

- వంట నలుగురు (పెద్దవంటలు తెలిసినవాళ్ళే, నేర్చుకునేవాళ్ళు కాదు)
- వడ్డన నలుగురు
- పిలిచి కూర్చోబెట్టేది ఒకరు (అక్కడి సంఘం మనిషి)
- చేతులు కడిగించేది, తాగునీళ్ళు ఒకరు
- విస్తళ్ళు, చెత్త ఒకరు
- డబ్బు లెక్క, మందుల పెట్టె ఒకరు

వంట చేసేవాళ్ళు వడ్డనకి రాకూడదు, విస్తళ్ళు తీసేవాళ్ళు గుండిగ ముట్టుకోకూడదు. పని తక్కువగా ఉన్నా సరే.

5. మెనూ, కొలతలు

నేపాల్‌లో రోజువారీ భోజనం దాల్, భాత్, తర్కారీ, అచార్. అంటే పప్పు, అన్నం, కూర, పచ్చడి. మనకి కొత్తేమీ కాదు, కానీ రుచి వేరు. వాళ్ళు అన్నం మీద పలచటి పప్పు పోసుకుని, దానితోనే కూర నంజుకుంటారు. మన ముద్దపప్పు చేస్తే గొంతు దిగదు. పప్పు గంటెలోంచి ధారగా పడాలి.

కారం సంగతి. మేము సంచిలో గుంటూరు కారం పట్టుకెళ్ళాం. మొదటి రోజు పిల్లలు ఒక ముద్ద తిని నీళ్ళ కోసం ఏడ్చారు. మన చేతికి అలవాటైన కారంలో మూడో వంతు వెయ్యండి, పచ్చిమిర్చి విడిగా పెట్టండి. కొండప్రాంతం బజార్లలో మనకి దొరికినంత సులువుగా చింతపండు దొరకదు, పులుపుకి టమాటా, నిమ్మకాయ వాడండి. నూనె అక్కడ ఆవనూనె. ఆవ పెట్టిన కూరలు తిని పెరిగిన మనకి ఆ ఘాటు తొందరగానే అలవాటవుతుంది, కానీ ఆవనూనెని పొగ వచ్చేదాకా కాచి, కాస్త చల్లార్చి, అప్పుడు పోపు వెయ్యాలి. లేకపోతే కూరంతా పచ్చివాసన.

మాంసం వద్దు. అక్కడ ఆవు జాతీయ జంతువు, గోవధ నేరం. కోడి తినేవాళ్ళు చాలామంది ఉన్నా తిననివాళ్ళూ ఉన్నారు. అందరూ ఒకే బంతిలో కూర్చోవాలంటే శాకాహారమే దారి.

100 మందికి మేము కొనే లెక్క:

- బియ్యం 16 కిలోలు (బట్టీ కూలీలు, బరువులు మోసేవాళ్ళైతే 20)
- మైసూరు పప్పు 4 కిలోలు
- బంగాళాదుంపలు 8, కాలీఫ్లవర్ లేదా క్యాబేజీ 6 కిలోలు
- రాయో సాగ్ అనే ఆవ ఆకు 4 కిలోలు
- టమాటాలు 5 కిలోలు (కూరకి 2, పచ్చడికి 3)
- ఉల్లిపాయలు 3 కిలోలు
- నూనె 2 లీటర్లు, ఉప్పు 1 కిలో
- అల్లం, వెల్లుల్లి కలిపి 400 గ్రాములు
- పచ్చిమిర్చి 300 గ్రాములు, నిమ్మకాయలు 30
- జీలకర్ర, పసుపు, మెంతులు తలా 100 గ్రాములు
- అటుకులు 3 కిలోలు, అరటిపళ్ళు 40

చివరి వరస ఎందుకో చెప్పాలి. కొంతమంది పెద్దవయసు వాళ్ళు, వేరే కులంవాళ్ళు వండిన అన్నం ముట్టరు. అటుకులు, పళ్ళు మాత్రం తీసుకుంటారు. ఆ పట్టింపు మనకి బాధగానే ఉంటుంది. అయినా భోజనానికి పిలిచి వాదన పెట్టుకోకూడదు. అటుకులు, అరటిపళ్ళు ఒక ఆకులో పెట్టి, అదే బంతిలో, అదే చాప మీద కూర్చోబెట్టండి. ఉపవాసం ఉన్నవాళ్ళకీ అవే పనికొస్తాయి.

పప్పుల్లో మైసూరు పప్పే ఎందుకంటే తొందరగా ఉడుకుతుంది. ఖాట్మండు దాదాపు 1,400 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్ళు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి ఏదైనా మన దగ్గరకన్నా ఎక్కువసేపు ఉడకాలి. కందిపప్పు పెట్టుకుంటే గ్యాసూ అయిపోతుంది, వేళా దాటిపోతుంది. బీర్‌గంజ్ లాంటి మైదానంలో ఈ ఇబ్బంది లేదు.

సరుకులు అక్కడే కొనండి. ఇక్కడినుంచి బస్తాలు మోసుకెళ్తే సరిహద్దు దగ్గర ప్రశ్నలు, అక్కడి కొట్టువాడికి బేరం పోవడం తప్ప లాభం లేదు. మేము పట్టుకెళ్ళేది ఆతిథ్యం ఇచ్చే ఇళ్ళకి పలాస జీడిపప్పు మాత్రమే. విస్తళ్ళు కూడా అక్కడివే. మన సీతంపేట వైపు అడ్డాకులు కుట్టినట్టు వాళ్ళు సాల ఆకులతో "టపరీ" కుడతారు. 100 మందికి 130 తీసుకోండి, కొన్ని చిరుగుతాయి.

6. నీళ్ళు, చేతులు, శుభ్రత

పరిచయం లేనివాళ్ళకి పెట్టేటప్పుడు భయపడాల్సింది దీనికే. ఒక్కరికి విరేచనాలైనా ఊళ్ళో ఆ సంఘం పేరు పోతుంది. మన పని నాలుగు రోజుల్లో అయిపోతుంది, ఆ మాట మాత్రం ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

- తాగునీళ్ళు బాగా తెర్లిన తర్వాత మూడు నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లార్చాలి. ముందు రోజు రాత్రే 100 లీటర్లు సిద్ధం. బిందెలో చెయ్యి ముంచకుండా కుళాయి ఉన్న డ్రమ్ము వాడండి.
- చేతులు కడగడానికి విడిగా 150 లీటర్లు, సబ్బు, మగ్గు. వండేవాళ్ళు, వడ్డించేవాళ్ళు సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి.
- వాంతులు, విరేచనాలు అయినవాళ్ళు తగ్గిన తర్వాత కూడా 48 గంటలు వంటగదిలోకి రాకూడదు. టీమ్ లీడర్ అయినా సరే. రైలు తిండితో ఇది తరచూ జరుగుతుంది.
- వేలికి దెబ్బ ఉంటే ప్లాస్టర్, దాని మీద గ్లవ్.
- వండిన పదార్థం రెండు గంటలకన్నా ఎక్కువసేపు బయట ఉండకూడదు. ఉంటే పొయ్యి మీద పొగలు కక్కుతూ ఉండాలి.

అన్నం దగ్గర మరీ జాగ్రత్త. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే రాత్రి వండి పొద్దున్న పెట్టడం, మిగిలిన అన్నం పులిహోర కలపడం ఇంటి దగ్గర ఎలా ఉన్నా ఇక్కడ మాత్రం వద్దు.

7. వంట రోజు వేళలు

కొండప్రాంతంలో పగటి భోజనం పొద్దున్న పదింటికే. మన ఒంటిగంట లెక్కకి వండితే అప్పటికి అందరూ తినేసి పనుల్లో ఉంటారు. కింద వేళలు పదింటి భోజనానికి, అన్నీ నేపాల్ టైము.

- 4:30: పొయ్యి, నీళ్ళు. గిన్నెలు మళ్ళీ ఒకసారి కడగడం.
- 5:00: కూరగాయలు కొయ్యడం. రాత్రి కడిగి ఉంచొచ్చు, కొయ్యకూడదు.
- 6:00: పచ్చడికి టమాటాలు కాల్చడం. పప్పు కడిగి నానబెట్టడం.
- 7:15: పప్పు పొయ్యి మీదికి.
- 8:00: కూర.
- 8:45: మొదటి అన్నం, 8 కిలోలు మాత్రమే.
- 9:20: ఆకుకూర.
- 9:30: ఉప్పు, కారం రుచి చూడటం, వంటగదిలో చిన్న ప్రార్థన.
- 9:45: చాపలు, నీళ్ళు, విస్తళ్ళు.
- 10:00: మొదటి బంతి. అదే నిమిషంలో రెండో అన్నం ఎసట్లో పొయ్యాలి.

అన్నం రెండు విడతలుగా వండమనేది రెండు కారణాల వల్ల. 16 కిలోలు ఒకే గుండిగలో వేస్తే అడుగు ముద్ద, పైన పలుకు. రెండోది, జనం తక్కువ వస్తే రెండో విడత బియ్యం బియ్యంగానే మిగులుతుంది. అలవాటు లేని పొయ్యి మీద అత్తెసరు పెట్టకండి, గంజి వార్చండి. వార్చే అన్నం నీళ్ళ కొలత తప్పినా నిలబడుతుంది.

రుచి అక్కడి సంఘంలోని పెద్దావిడ చూడాలి. మన నాలుక ఇక్కడ సాక్షి కాదు.

8. బంతి వెయ్యడం, వడ్డన

లైన్లో నిలబెట్టి గిన్నెల్లో పొయ్యడం తేలిక, తొందరగా అయిపోతుంది. అయినా నేను కూర్చోబెట్టే పెట్టమంటాను. లైన్లో నిలబడ్డ మనిషి చెయ్యి చాచాలి, కూర్చున్న మనిషి ముందుకి మనమే వంగాలి. మార్కు 6వ అధ్యాయంలో అయిదువేలమందిని పచ్చిక మీద నూరేసిమంది, యాభయ్యేసిమంది చొప్పున బంతులు తీర్చి కూర్చోబెట్టిన తర్వాతే రొట్టె విరిచారు. జనం ఎక్కువైనప్పుడు తోపులాట లేకుండా చెయ్యడానికి ఇప్పటికీ ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

మా బంతి 25 మంది. ఎదురెదురుగా రెండు వరసలు, మధ్యలో వడ్డించేవాళ్ళు నడిచే దారి. ఒక బంతికి 25 నిమిషాలు, శుభ్రానికి 5. వందమందికి రెండు గంటలు. ముందు ముసలివాళ్ళు, గర్భిణులు, పిల్లలున్న తల్లులు. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళు చివర, మన టీమ్ అందరికన్నా చివర.

వడ్డన వరస:

1. చేతులకి నీళ్ళు.
2. ఆకు, పక్కన నీళ్ళ గ్లాసు.
3. పచ్చడి, ఉప్పు, నిమ్మచెక్క అంచున.
4. కూర, ఆకుకూర.
5. అన్నం. మొదటిసారి తక్కువ, గుట్టగా వద్దు.
6. పప్పు అన్నం మధ్యలో.
7. మూడు నిమిషాల తర్వాత అన్నంతో రెండో చుట్టు, వెనకే పప్పు.
8. చివర కూర మరొకసారి.

కుడిచేత్తోనే వడ్డించండి. గంటె విస్తరికి తగలకూడదు. మనకి ఎంగిలి ఎలాగో వాళ్ళకి "జూఠో" అలాగే, తగిలిన గంటె గుండిగలో మళ్ళీ ముంచితే చూస్తున్నవాళ్ళు తినడం ఆపేస్తారు. ఆకుల మీదుగా దాటవద్దు. చెప్పులు వంటగది బయటే.

వడ్డించేవాళ్ళు ఈ మాటలు కంఠతా పట్టాలి.

- బస్నుస్: కూర్చోండి
- ఖానుస్: తినండి
- భాత్ థపూఁ?: అన్నం వెయ్యనా?
- పుగ్యో: చాలు (ఇది వాళ్ళు అంటారు)
- పిరో: కారం
- తాతో పానీ: వేడినీళ్ళు

మగవాళ్ళని "దాయీ", ఆడవాళ్ళని "దీదీ", పెద్దావిడని "ఆమా" అని పిలవండి. మన అన్నయ్యా, అక్కా, అమ్మా అన్నట్టే. బీర్‌గంజ్ వైపు భోజ్‌పురీ మాట్లాడతారు, అక్కడ హిందీతో సరిపోతుంది.

"పుగ్యో" అన్నవాళ్ళకి ఒక్కసారి మాత్రం "కొంచెం?" అని అడగండి. మన పెళ్ళిళ్ళలోలాగా చెయ్యి అడ్డం పెట్టినా వెయ్యకండి. మొహమాటపడి అడగలేనివాళ్ళని కళ్ళతో కనిపెట్టాలి. ఆకు ఖాళీ అయి, చెయ్యి ఆకు మీదే ఉండి, తల దించుకుని ఉంటే ఆ మనిషికి ఇంకా ఆకలి ఉన్నట్టే. అడక్కుండా గంటెడు అన్నం వేసి ముందుకి సాగిపోండి.

9. తప్పులు, సర్దుబాట్లు

*కూర మూడో బంతికే అయిపోయింది.* మొదటి బంతికి చేతికొచ్చినట్టు వెయ్యడం వల్ల వస్తుంది. కూరకి ఒకే సైజు గంటె, మనిషికి ఒకటిన్నర గంటె అని ముందే కట్టుకోండి. అయిపోయినా ఆదుకునేది ఉడికించి పెట్టుకున్న రెండు కిలోల ఆలూ. పోపులో వేస్తే పది నిమిషాల్లో కూర.

*పప్పు అడుగంటింది.* కలపకండి, గోకకండి. పైది మరో గుండిగలోకి నెమ్మదిగా వంపి, అడుగు వదిలెయ్యండి. కొత్తగా జీలకర్ర, వెల్లుల్లి పోపు పెడితే మాడువాసన చాలావరకు పోతుంది.

*అన్నం పలుకుగా ఉంది.* మరిగే నీళ్ళు చిలకరించి, తడిగుడ్డ కప్పి, బరువు మూతపెట్టి, సన్నసెగ మీద పది నిమిషాలు. చన్నీళ్ళు పొయ్యకండి.

*ఉప్పెక్కువైంది.* పప్పులో అయితే ఉప్పులేని పప్పునీళ్ళు, టమాటా కలపండి. కూరలో అయితే ఉడికిన ఆలూ మెదిపి కలపండి.

*వందమంది అనుకుంటే నూట నలభై వచ్చారు.* కూర్చోబెట్టే మనిషి తలలు లెక్కపెట్టి రెండో బంతికే వంటగదికి చెప్పాలి. పప్పు పలచన చేసి మరుగు పట్టించండి, మరో అయిదారు కిలోల బియ్యం ఎసట్లో వెయ్యండి. అప్పటికీ చాలకపోతే టీమ్ వాటా, అటుకులు. "అయిపోయింది, రేపు రండి" అని గుమ్మం దగ్గర చెప్పించుకోవద్దు.

*ఇంటికి కట్టిమ్మన్నారు.* ఇంట్లో మంచాన పడ్డవాళ్ళు ఉంటే ఇవ్వండి, రెండు గంటల్లోపు తినమని అక్కడి మనిషి చేత చెప్పించి. ఎందుకని గుచ్చి గుచ్చి అడగొద్దు.

*తాగి వచ్చాడు, గొడవ చేస్తున్నాడు.* గెంటకండి. బంతి చివర, కాస్త ఎడంగా కూర్చోబెట్టి ముందు అతనికే వడ్డించండి. ఆకలి తీరాక గొంతు తగ్గుతుంది. తగ్గకపోతే అక్కడి సంఘం పెద్దలు చూసుకుంటారు, మన కుర్రాళ్ళు కలగజేసుకోకూడదు.

*పోలీసులు వచ్చి అడిగారు.* టీమ్ లీడర్, అక్కడి పాస్టరుగారు మాత్రమే మాట్లాడాలి. గుర్తింపు కార్డులు చూపించి, వార్డు ఆఫీసులో చెప్పినది చెప్పండి. మిగతావాళ్ళు వడ్డన ఆపకండి, ఫోన్లు బయటికి తియ్యకండి. రెండో అంచెలో చెప్పినవి పాటించి ఉంటే టెన్షన్ పడాల్సిన పనిలేదు.

10. మిగిలినవి, అంట్లు, లెక్కలు

అయిదువేలమంది తిన్న తర్వాత కూడా ముక్కలు పన్నెండు గంపలకి ఎత్తించారు. మిగిలినదాన్ని చూసుకోవడం వంటలో భాగమే. వడ్డించని, వేడిగా ఉన్న అన్నం, పప్పు మూతలు పెట్టి అరగంటలో దగ్గరి ఇళ్ళకి చేర్చండి. విస్తళ్ళలో మిగిలింది పశువులున్నవాళ్ళకి. టపరీలు గుంటలో వేసి మట్టి కప్పండి. ప్లాస్టిక్ గ్లాసులు అసలు కొనకపోతే చెత్త సగం తగ్గుతుంది.

వెళ్ళే ముందు చూసుకోవాల్సినవి:

- అడిగి తెచ్చిన ప్రతి గుండిగ, గంటె మసి పోయేదాకా తోమి, ఎవరిది వాళ్ళ ఇంటికి మనమే మోసుకెళ్ళి ఇవ్వాలి.
- కూర్చున్న చోటు ఊడ్చి, కడగాలి.
- కొట్టు బాకీలు, గ్యాస్, కట్టెల డబ్బు అదే రోజు తీర్చాలి.
- మిగిలిన సరుకులు పాస్టరుగారికి కాదు, అక్కడి స్త్రీల సమాజానికి లెక్క రాసి అప్పగించాలి. పాస్టరుగారి మీద నాకు అనుమానం ఉండి కాదు, ఆయన మీద ఎవరూ మాట అనకుండా ఉండాలని.
- ఎంతమంది తిన్నారు, ఏది ఎంత మిగిలింది, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అన్నది నోటుబుక్కులో రాయాలి.

ఇంటికొచ్చిన తర్వాత రెండు శనివారాలు, అక్కడి ఆరాధన ముగిసే వేళకి ఫోన్ చెయ్యండి. తిన్నవాళ్ళలో ఎవరైనా జబ్బుపడ్డారా, మన వల్ల ఎవరికైనా మాట వచ్చిందా అని ముందు అడగండి. ఆ తర్వాత, మళ్ళీ రమ్మంటారా అని అడగండి. "మీరు రావక్కర్లేదు, ఇప్పుడు నెలకోసారి మేమే పెడుతున్నాం, బియ్యానికి మాత్రం కొంచెం సాయం చెయ్యండి" అని మాకు మూడో ట్రిప్ తర్వాత జవాబొచ్చింది. ఈ ఏడాది మా టీమ్ టికెట్లకని దాచినదాంట్లోంచి ఆ బియ్యానికి ఎంత, ఎలా పంపాలో ఆడిటర్‌తో కూర్చుని చూసుకుంటున్నాం.